మూడువందల పదిహేడో నంబరు బిళ్ళ

ఒకటో రాత

సామాను గది తాళం ఇవాళ్టి నుంచి నా దగ్గర ఉంది. తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళు గదిలో ఏం జరిగిందో రాయాలని మా రేవు కట్టుబాటు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు అక్షరాలు గిన్నెల మీద చుక్కలుగా కొట్టడం వచ్చు. కాగితం మీద గీతలుగా లాగడం అంత బాగా రాదు. ఎవరికైనా నవ్వొస్తే బయటికి వెళ్ళి నవ్వుకోవచ్చు.

నా పేరు కంచరి దాలయ్య. రెండో రేవు మొత్తం మీద గిన్నెలకి పేర్లు కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక్కడ గిన్నెలన్నీ అచ్చు యంత్రం పోసినవే, కవల పిల్లల్లా ఉంటాయి. ఇరుగింటి గిన్నె ఇరుగింటికి, పొరుగింటి గిన్నె పొరుగింటికి చేరాలంటే దాలయ్య ఉలి తగలాల్సిందే. ఈ నేల మీద మనిషికి బరువు తక్కువ. సుత్తి కిందికి దెబ్బ వేస్తే మనిషి పైకి లేస్తాడు. అందుకని నడుముకి తాడు కట్టుకుని, దాన్ని దిమ్మకి బిగించుకుని కూచుంటాను. మా నాన్న అలాగే కూచున్నాడు, ఆయన నాన్న కూడా.

గదిలో ఉన్నవి నాలుగే వస్తువులు. ఒక ఇత్తడి చెంబు, ఒక రేకు పళ్ళెం, పీటంత మిగిలిన కంబళి ముక్క, మెడలో వేసుకునే రేకు బిళ్ళ. పాత నేల నుంచి మొదటి ఓడ ఎక్కినవాళ్ళు ఒక పెట్టెలో తెచ్చారు. ఇవి మా మూలమ్మ పెళ్ళి సామాను. మా వంశాలన్నీ ఆమె కడుపునే పుట్టాయి. అందుకే మా పెళ్ళిళ్ళు ఈ సామాను పద్ధతిలో జరుగుతాయి. పెళ్ళికూతుర్ని కంబళి మీద కూచోబెడతాం. చెంబుతో పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతాం. ఇద్దరూ రేకు పళ్ళెంలో ఒక్కచోట తింటారు. ఆ తర్వాత బిళ్ళ కడతాడు. బిళ్ళ మీద మూడువందల పదిహేడు అని ఉంటుంది, చెంబు మీదా పళ్ళెం మీదా కూడా అదే. అది మూలమ్మ ఇంటి నంబరు. ఆ ఇంటి కోడళ్ళందరికీ అదే నంబరు. దాన్ని కొట్టే అచ్చు మా ఇంట్లో ఉంది. ఈ రేవులో పెళ్ళైన ఏ ఆడదాని మెడ చూసినా నా చెయ్యి కనపడుతుంది.

నా మనవరాలు అప్పలకొండ పెళ్ళి దగ్గరపడింది. ఇక రాయడానికేం లేదు.

రెండో రాత

పాత నేల నుంచి ఓడ వచ్చింది. అందులో ఒక పంతులమ్మ దిగింది. పేరు హైమవతి. ఎగిరెగిరి పడుతూ నడుస్తోంది, ఇక్కడి నడక ఇంకా చేతకాలేదు. గది చూపించమంది.

"ఏమ్మా, ఈ చెంబు కోసం ఇంత దూరం వొచ్చినావా?" అన్నాను.

"చెంబు కోసమే వచ్చాను తాతగారూ."

"మీ ఊర్లో చెంబులు నేవేటి?"

"ఉన్నాయి. దీని పక్కది ఉంది."

పక్కది అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. పంతులమ్మ దగ్గర తెలియదని అనడానికి నాకేం ఖర్మ?

ఆమె చదువు ఇదట. పాత నేల మీద పందొమ్మిదో శతాబ్దం అని ఒక కాలం ఉండేది. అప్పటి దొరలూ జమీందార్లూ వాళ్ళ గురించి వాళ్ళే బోలెడు రాసుకుని పెట్టుకున్నారు. కూలీనాలీ జనానికి రాత రాదు. వాళ్ళు ఎలా బతికారో తెలియాలంటే వాళ్ళు తిన్న పళ్ళెం, కప్పుకున్న గుడ్డ చూసి తెలుసుకోవాలట.

"మా మూలమ్మ కూలీ మనిషి కాదు. ఆచారమున్న ఇంటి ఆడపడుచు. నాలుగు వస్తువులు పెట్టి పంపినారు సూడు," అన్నాను.

ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని చెంబుని చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది.

మూడో రాత

కంపెనీ మేస్త్రీ లచ్చుంనాయుడు మా ఇంటికి వచ్చాడు. ఇక్కడివాడే, నాకు వరసకి అల్లుడు. ఇక్కడి మంచు గని అడుగంటుతోంది. కంపెనీ మరో చోట మూడో రేవు తెరిచింది. మా కొండా, దాన్ని చేసుకోబోయే గౌరీసూ, ఇంకా చాలామంది పడుచువాళ్ళూ అక్కడికి పనికి వెళ్తున్నారు. అందరూ ఒప్పందం మీద వేలిముద్రలు వేసేశారు. పెళ్ళి కాగానే ఓడ.

లచ్చుంనాయుడు సంచి తీసి నా ముందు రెండు బిళ్ళలు పెట్టాడు. మెరుస్తున్నాయి. ఒక దాని మీద రెండువేల నలభై ఒకటి, రెండో దాని మీద రెండువేల నలభై రెండు.

"మావా, కంపెనీ అందరికీ తలో బిళ్ళ ఇస్తన్నాది. అక్కడ తలుపుకి ఓ కన్నుంటాది. బిళ్ళ సూపిత్తే తలుపు తెరుసుకుంటాది, బువ్వ వొస్తాది, గాలి వొస్తాది. మన తాళి మల్లేనే ఉన్నాది కదా? మెడకి రెండు బిళ్ళలు దేనికి? పెళ్ళిలో ఇదే కట్టించీ."

చూశారా, కంపెనీ అంతటిది మా ఆచారాన్ని ఎత్తుకుని నెత్తిన పెట్టుకుంది. నేను మీసం దువ్వాను. సరే అన్నాను.

కొండ బిళ్ళని గాల్లోకి వదిలింది. అది మెల్లగా తిరుగుతూ కిందికి దిగుతుంటే మళ్ళీ పట్టుకుంది. "తాతా, నాను రెండువేల నలభై ఒకటి. గౌరీసు నా ఎనకాల. జనమంతా నా ఎనకాలే నడవాల," అంది.

"నోరుముయ్యే. నీ నోటికి ఏ నంబరైనా తక్కువే," అన్నాను.

నాలుగో రాత

కట్టుబాటు లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

హైమవతి ఇవాళ గదిలో గోడ మీద బొమ్మ వేసింది. ఆమె దగ్గరున్న చిన్న దీపం లోంచి బొమ్మలు వస్తాయి. ముందు ఒక రేకు పళ్ళెం బొమ్మ. అంచు మడత, మధ్యలో సొట్ట, అచ్చం మాదే.

"మా పళ్ళెం బొమ్మ ఎప్పుడు తీసినావు?" అని అడిగాను.

"ఇది మీది కాదు తాతగారూ. నంబరు చూడండి."

మూడువందల పదహారు.

తర్వాత చెంబు. మా చెంబుకి తోబుట్టువు. దాని మెడ మీద మూడువందల పద్దెనిమిది. తర్వాత ఒక బిళ్ళ, మూడువందల ఇరవై. ఆ తర్వాత వరసగా బిళ్ళలు, ఒకదాని పక్కన ఒకటి. అన్నీ రేకువే, అన్నిటికీ మెడతాడు కోసం పైన ఒక చిల్లు.

నేను కూచున్న చోటే కూచున్నాను. ఈ నేల మీద మొట్టమొదటిసారి నాకు ఒళ్ళు బరువనిపించింది.

"ఇన్ని ఇళ్ళా?" అన్నాను.

"ఇళ్ళు కావు. వరసలో నిలబడ్డ మనుషులు," అంది. ఆమె మెల్లగా చెప్పింది, నేను కూడా మెల్లగా రాస్తాను. ఆ కాలంలో చెరుకు తోటలున్న దీవులకి కూలీల్ని ఓడల్లో తోలేవారు. ఇన్నేళ్ళు పని చేస్తామని వేలిముద్ర వేయించుకునేవారు. ఎక్కించే ముందు రేవులో ఒక కొట్టాంలో ఉంచి, తలకో కంబళి, పళ్ళెం ఇచ్చి, చెంబు లేనివాళ్ళకి అదీ ఇచ్చి, ఉన్నవాళ్ళ చెంబు మీద కూడా నంబరు కొట్టి, మెడలో నంబరు బిళ్ళ వేసేవారు.

"అబద్ధం," అన్నాను.

"నాకూ అబద్ధమైతే బాగుండుననిపిస్తుంది."

"ఇది పెళ్ళి సామాను. నా పెళ్ళి దీంతోనే అయ్యింది. మా అయ్య పెళ్ళి దీంతోనే అయ్యింది. నువ్వు నిన్నగాక మొన్న ఓడ దిగినావు. నడవడం రాదు నీకు."

"నిజమే, నడవడం రాదు," అని ఒప్పుకుంది. వాదించలేదు. వాదిస్తే తిట్టేవాణ్ణి. బొమ్మలు ఆర్పి వెళ్ళిపోయింది. నేను గది తాళం వేశాను. తాళం వేశానో లేదోనని తిరిగి వెళ్ళి చూశాను.

ఇంటికొస్తే మేకుకి నా ముసల్దాని తాళి వేలాడుతోంది. నూకాలు పోయినప్పుడు తీసి అక్కడ తగిలించాను. రోజూ చూసేదే. ఇవాళ మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఐదో రాత

రుజువు చూపించు అన్నాను. అంటే చూపించింది.

చెంబు మెడ కింద ఒక పక్క కొంచెం చదునుగా ఉంటుంది. తోమితోమి అరిగిందని మా నాన్న చెప్పేవాడు. నేనూ అదే చెప్తూ వచ్చాను. హైమవతి తన యంత్రంతో అక్కడ వెలుగు పెట్టి, "ఇక్కడ ఆకురాయి గీతలున్నాయి, చూడండి. తోముడు గీతలు గుండ్రంగా తిరుగుతాయి. ఇవి అడ్డంగా ఉన్నాయి. ఎవరో గీకేశారు. నంబరు దెబ్బలు ఈ గీతల మీద పడ్డాయి. అంటే ముందు గీకడం, తర్వాత నంబరు," అంది.

"ఎవరు గీకినారు?"

"అది చెంబు చెప్పదు తాతగారూ. చెప్పనిది నేనూ చెప్పను."

ఉలి దెబ్బ పడితే పైన గుంట ఒక్కటే కాదు, లోపలి లోహం కూడా నలుగుతుంది. పైన గీకేసినా లోపలి నలుగుడు ఉంటుంది. ఇది నిజం, నేను రోజూ చేసే పని. ఆమె యంత్రం ఆ నలుగుడుని చూడగలదట. గోడ మీద చెంబు మెడ పెద్దదిగా కనపడింది. మొదట బూడిదలా ఉంది. తర్వాత ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి. నా అక్షరాల్లాంటి అక్షరాలు. చుక్కల అక్షరాలు. పంతులమ్మ తడుముకుంటోంది గానీ నేను గబగబా చదివేశాను.

తౌడమ్మకు అమ్మ యిచ్చినది.

ఇంకోసారి చదివాను.

మూలమ్మ అనేది మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు మాకు తెలియదు. పూజలు చేశాం, నైవేద్యాలు పెట్టాం, పేరు మాత్రం అడగలేదు. ఈమె పేరు తౌడమ్మ.

"తౌడేటి? ఆడపిల్లకి తౌడని పేరెడతారా ఎవులైనా?" అన్నాను.

హైమవతి చెప్పింది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన పిల్లని చేరెడు తౌడుకి పొరుగింటికి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ తెచ్చుకునేవారట. పనికిరాని పిల్ల అనుకుని చావు దీని వైపు చూడకుండా పోతుందని. ఆ పిల్లకి తౌడు అనే పేరు పెట్టేవారు.

అంటే ఈ తల్లి ఎంతమందిని పోగొట్టుకుందో. ఆ పేరు అడ్డం పెట్టి ఈ ఒక్కదాన్ని దక్కించుకుంది. పెంచింది. పెళ్ళి చేసి చెంబు కొని, నాలాంటివాడి దగ్గరికి వెళ్ళి ఆ పేరు కొట్టించింది. చావు చెరపలేకపోయిన పేరుని ఎవడో ఆకురాయితో గీకేశాడు.

ఆ పైన కొట్టిన నంబరుని నేను వేల మెడల్లో కట్టించాను.

ఆరో రాత

లచ్చుంనాయుడి కొట్టుకి వెళ్ళాను. బిళ్ళల సంచి బల్ల మీదే ఉంది.

"లచ్చుం, అక్కడ మా కొండని ఏటని పిలుత్తారు?"

"పిలవడమెందుకు మావా? బిళ్ళ సూపిత్తే సరి. పేర్లైతే కలిసిపోతాయి. అప్పలకొండలు అరడజను మంది ఉన్నారు. నంబరైతే కలవదు."

"జొరమొచ్చి పడిపోతే? నంబరుకి మందేత్తారా?"

"నంబరుకే ఏత్తారు మరి."

"తిరుగు ఓడ ఎప్పుడు?"

"ఒప్పందం అయినాక."

"ఒప్పందం ఎప్పుడవుతాది?"

లచ్చుంనాయుడు సంచి మూతి బిగించాడు. "మావా, నువ్వు ముసలోడివి. ఇక్కడ మంచు అయిపోతన్నాది. వాళ్ళు ఇక్కడుండి ఏటి తింటారు, నీ ఉలా?"

నేను కొట్టలేదు. కొడితే ఇద్దరం చెరోవైపు ఎగిరిపోతాం, జనం నవ్వుతారు.

ఇంటికొచ్చి కొండని గదికి తీసుకెళ్ళాను. హైమవతి చేత బొమ్మలన్నీ మళ్ళీ వేయించాను. పళ్ళెం, చెంబు, బిళ్ళల వరస. చివర తౌడమ్మ. కొండ మెడలో కంపెనీ బిళ్ళ ఉంది. బొమ్మల్లో ఉన్నవాటి లాగే దానికీ పైన ఒక చిల్లు. కొండ చెయ్యి దాని మీదికి పోయింది. అలాగే ఉండిపోయింది.

"నువ్వు ఎల్లకు. ఇది నా మాట," అన్నాను.

"నీ మాటా? నిన్నటి దాకా ఈ బిళ్ళే నా మెడలో కట్టిత్తానని కూకున్నది ఎవులు తాతా?"

దెబ్బ సరిగ్గా తగిలింది. నా మనవరాలే మరి.

"ఇక్కడుంటే తినడానికేటి ఉన్నాది?" అంది. "గాలి వాటా సగం కోసీసినారు. నాను ఉంటే నీ వాటాలోంచి పీల్చాల. నాను ఎల్తాను. కానీ..." అని బిళ్ళ తిప్పి చూసింది. "దీని మీద నా పేరు కొట్టు."

"కొడతాను."

"గీకీసినారనుకో?"

నేను ఆలోచించాను. హైమవతి కూడా నా వైపు చూస్తోంది. చుక్క ఎంత లోతుగా కొట్టినా ఆకురాయి ముందు నిలవదు. ఎక్కువసేపు గీకాలి, అంతే. గిన్నె మీద ఇంకా లోతుగా కొడితే చిల్లు పడుతుంది. చిల్లు పడితే నీళ్ళు కారతాయి కాబట్టి మా పనిలో చిల్లు పడటం తప్పు. చిన్నప్పుడు చిల్లు పడిందంటే మా నాన్న నెత్తి మీద మొట్టేవాడు.

బిళ్ళలో నీళ్ళు పొయ్యరు కదా!

"చిల్లు కొడతాను. చిల్లుని ఎవడు గీకుతాడో సూద్దారి," అన్నాను.

ఏడో రాత

పెళ్ళైంది. కొండని కంబళి మీద నేను కూచోబెట్టనివ్వలేదు. చెంబు మాత్రం గదిలోంచి తెచ్చాను. కాళ్ళు కడగడానికి కాదు. పీట మీద పెట్టి, అందరికీ వినపడేలా దాని పేరు చెప్పాను. పెద్దవాళ్ళు గొడవ చేశారు. ఒక ముసలామె తన తాళి రెండు చేతులా పట్టుకుని, "నా మొగుడు కట్టింది కూలి బిళ్ళా? నీ నోట్లో మన్నుబడ," అని నన్ను తిట్టింది. తిట్టనీ. నేను పంతులమ్మని అంతకంటే ఎక్కువే అన్నాను.

కొండ మెడలో గౌరీసు కట్టిన బిళ్ళలో అప్పలకొండ అని చిల్లులున్నాయి. దీపం ముందు నిలబడితే దాని రవిక మీద ఆ పేరు వెలుగు చుక్కలుగా పడింది. నాలుగు వేళ్ళంత పేరు. ఇంత మంచి పని నా చేత్తో నేను ఎప్పుడూ చెయ్యలేదు. ఉన్న మాటే అంటున్నాను.

గౌరీసు తన బిళ్ళ కూడా తెచ్చాడు. వాడి వెనక వాడి తమ్ముడు. తమ్ముడి వెనక ఓడ ఎక్కబోయేవాళ్ళందరూ నా దిమ్మ ముందు వరస కట్టారు. వరసని చూస్తే మొదట గోడ మీద బొమ్మలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత మొదటివాణ్ణి పేరడిగాను. చెప్పాడు. తాడు బిగించుకున్నాను.

ఎనిమిదో రాత

ఓడ తలుపు దగ్గర గొడవ. కొండ ముందు నిలబడి బిళ్ళ చూపించింది. కన్ను ఎర్రగా వెలిగింది, తలుపు తెరుచుకోలేదు. గౌరీసు చూపించాడు. మళ్ళీ ఎరుపే. చిల్లుల దెబ్బకి లోపలి తీగ ఏదో తెగింది. తెగుతుందని నాకు తెలుసు.

లచ్చుంనాయుడు ఊగిపోయాడు. "ఏటి మావా ఈ పని? కంపెనీ సొత్తు పాడుసేత్తావా?"

"ఆ మెడ ఎవుడి సొత్తురా?"

"కన్ను సదవదు ఇంక!"

"నీకు రెండున్నాయి కదా. నువ్వు సదువు."

వాడు బిళ్ళలన్నీ చూశాడు. ఒక్కటి కూడా మిగల్లేదు. కొత్తవి పోయించాలంటే టైము లేదు. పెద్దయ్య నీడ రేవు మీద పడితే ఓడ కదలదు. (ఆకాశంలో సగం ఆక్రమించుకున్న పెద్ద గ్రహాన్ని మేం పెద్దయ్య అంటాం.) మళ్ళీ వెలుతురు వచ్చే దాకా ఓడ ఖాళీగా పడి ఉంటే కంపెనీ ముందు లచ్చుంనాయుడి పీకే తెగుతుంది. ఎవరినీ ఎక్కనివ్వనని ఒకసారి అరిచాడు. ఎవరూ కదల్లేదు. కొండ చేతులు కట్టుకుని తలుపుకి ఆనుకుని నిలబడింది. నాకు లోపల ఒక ఆశ పుట్టింది. ఎక్కనివ్వకపోతే బాగుండునని. అది పైకి చెప్పలేదు.

నీడ అంచు గోడ మీదికి పాకింది. లచ్చుంనాయుడు చేతి దీపం తీసి, కొండ బిళ్ళని దాని ముందు పట్టుకున్నాడు. వాడి మొహం మీద చుక్కలు పడ్డాయి. వాడి చదువూ నా చదువులాంటిదే.

"అ... ప్ప... ల... కొండ."

"ఉన్నాను," అంది కొండ.

చేత్తో తలుపు తీశాడు. కొండ నా దగ్గరికి వచ్చి నా నడుం తాడు పట్టుకుని ఒక్కసారి గుంజింది, చిన్నప్పుడు గుంజినట్టే. లోపలికి వెళ్ళిపోయింది.

లచ్చుంనాయుడు తర్వాతి బిళ్ళ అందుకున్నాడు. చివరి పేరు దాకా చదివాడు. మధ్యలో గొంతు ఎండితే నీళ్ళు అడిగాడు. నేనే ఇచ్చాను.

అక్కడి తలుపు దగ్గర ఎవరు చదువుతారో నాకు తెలియదు. చదవకపోతే, పేరు పెట్టి పిలిచే దాకా లోపలికి పోవద్దని అందరికీ చెప్పి పంపాను.

తొమ్మిదో రాత

మూడువందల పదిహేడు అచ్చుని సామాను గదిలో పెట్టాను. ఐదో వస్తువు. దాని పక్కన చీటీ ఉండాలంది హైమవతి. ఆమె రాస్తానంది, వద్దన్నాను. నేనే రాశాను. 'కంచరి దాలయ్య ఇంటిది. దీంతో మా ఆడవాళ్ళకి తాళి కొట్టాం. మాకు తెలియదు.' చివరి మాట రాయడానికి చాలా కష్టమైంది.

చెంబు దగ్గర మూలమ్మ అని ఉన్న పాత చీటీ తీసేశాను. అక్కడ తౌడమ్మ అని ఉంది ఇప్పుడు, ఆమె తల్లి కొట్టించిన మాటలతోనే.

హైమవతి తిరుగు ఓడ కోసం చూస్తోంది. నడక కొంచెం వచ్చింది.

పెళ్ళిలో నన్ను తిట్టిన ముసలామె పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, మెడలోంచి తాళి తీసి చెయ్యి చాపింది. మళ్ళీ తిడుతుందనుకున్నాను. "నా పేరు నీకు తెలుసునా?" అంది. ఇన్నేళ్ళుగా ఎదురిల్లే. ఫలానా వాడి అమ్మ అనే పిలిచాను. తెలియదన్నాను. "పైడమ్మ," అంది.

"కూకో పైడమ్మా. నీది తరవాత. ముందొకటి ఉన్నాది," అన్నాను.

మేకు మీంచి నా ముసల్ది నూకాలు తాళి దించాను. దాన్ని నేనే నా చేత్తో కొట్టి, నా చేత్తో కట్టాను. తాడు నడుముకి బిగించుకున్నాను. నంబరుకి అడ్డంగా ఉలి ఆనించాను.

నూ.

మొదటి దెబ్బకి కొంచెం పైకి లేచాను. తాడు పట్టి ఆపింది.